చిన్న ఇంధన పంపులకు ఘర్షణ తక్కువ సీళ్ల ఎంపిక

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వేట నిషేధం అమలయ్యే 61 రోజులూ, విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో మరపడవలు కదలకుండా ఉంటాయి. ఇంజన్లకు, పంపులకు మరమ్మతులు చేయించుకోవడానికి అనువైన కాలం అదే. డీజిలు పంపు సీళ్లు, అంటే సందుల నుంచి ఇంధనం కారకుండా ఆపే రింగులు, మార్చేటప్పుడు "ఘర్షణ తక్కువ ఉండే పదార్థం ఏది?" అని మొదట అడగడం పరిపాటి. నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. ఘర్షణ పదార్థపు నునుపును బట్టే కాక, సీలు షాఫ్టును (పంపులో తిరిగే ఇరుసును) ఎంత బలంగా అదుముతోందన్న దానిని బట్టి కూడా ఉంటుంది. ఇంధనం పీల్చి ఉబ్బిన సీలు షాఫ్టును బిగబట్టి, వేడెక్కి, త్వరగా అరిగిపోతుంది. అందువల్ల ఎంపికను ఇంధనంతోనే మొదలుపెట్టాలి.

డీజిలుకు సాధారణంగా నైట్రైల్ రబ్బరు సరిపోతుంది. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు నిలుస్తుంది, ధర కూడా తక్కువ. పెట్రోలు సంగతి వేరు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది కనుక, మెకానిక్కులు వైటాన్ అని పిలిచే ఫ్లోరోకార్బన్ రబ్బరును వాడటం క్షేమం. ఈపీడీఎం రబ్బరు బ్రేకు ఆయిలుకు తగినదే గాని, పెట్రోలులోను డీజిలులోను విపరీతంగా ఉబ్బుతుంది. ఇవన్నీ నల్లగానే ఉండవచ్చు కాబట్టి, పదార్థం పేరు ముద్రించిన ప్యాకెట్టులోని సీలునే కొనాలి. ముక్క కాల్చి వాసన చూసే అలవాటును తప్పనిసరిగా మానుకోవాలి. ఫ్లోరోకార్బన్ రబ్బరు, టెఫ్లాన్ కాలినప్పుడు ప్రమాదకరమైన విష వాయువులు వెలువడతాయి.

తరువాత చూడవలసింది కదలిక. పెట్రోలు ట్యాంకులో మునిగి ఉండే ఎలక్ట్రిక్ పంపులో మోటారు ఇంధనంలోనే తిరుగుతుంది. బయటికి వచ్చే షాఫ్టు ఉండదు. అక్కడి ఓ రింగులు (గుండ్రని రబ్బరు వలయాల సీళ్లు) కదలనివి కనుక, ఘర్షణ తగ్గించడానికి ఎక్కువ డబ్బు పెట్టడం అనవసరం. బయటి మోటారుతో తిరిగే చిన్న గేరు పంపులో మాత్రం షాఫ్టు సీలు పని కష్టమైనది. పెట్రోలు చాలా పలుచన. ఇంజన్ ఆయిలులా, షాఫ్టును తాకే సీలు అంచు కింద మందమైన పొరగా నిలవదు.

ఇటువంటి చోట టెఫ్లాన్ అంచు ఉన్న సీలు మేలు. నునుపైన ఉక్కుపై దాని ఘర్షణ గుణకం సుమారు 0.05 నుంచి 0.1 వరకు ఉంటుంది. పైగా, నిలిచి ఉన్నప్పటి ఘర్షణకూ కదిలేటప్పటి ఘర్షణకూ తేడా స్వల్పం కనుక పంపు కుదుపు లేకుండా మొదలవుతుంది. అయితే టెఫ్లాన్‌కు రబ్బరులా సాగి వెనక్కి వచ్చే గుణం లేదు, ఒత్తిడి కింద మెల్లగా జారి ఆకారం మారుతుంది. అందుకే దాని వెనుక స్టెయిన్‌లెస్ స్ప్రింగు గాని, ఓ రింగు గాని ఉండాలి. ఆ ఓ రింగు కూడా ఇంధనానికి తగినదై ఉండాలన్నది చాలామంది మరిచిపోయే విషయం. శుద్ధ టెఫ్లాన్ త్వరగా అరుగుతుంది కాబట్టి అందులో కార్బన్, గ్రాఫైట్ లేదా గాజు నార కలుపుతారు. ఉప్పు గాలికి తుప్పు పట్టకూడదని మన తీరంలో 304 రకం స్టెయిన్‌లెస్ షాఫ్టులు వేస్తారు. అది మెత్తని లోహం, గాజు నార దానిని గీస్తుంది. గాజు కలిసిన సీలు వేసి, గీతలు పడిన షాఫ్టును నేనే ఒకసారి మార్చవలసి వచ్చింది. అటువంటి షాఫ్టుకు కార్బన్ గ్రాఫైట్ రకమే తీసుకోవాలి. షాఫ్టు ఉపరితల గరుకుదనం 0.2 నుంచి 0.4 మైక్రాన్ల మధ్య ఉంటే మంచిది.

అనుమానం ఉన్న రబ్బరు సీలును బిగించే ముందు పరీక్షించవచ్చు. దానిని గాలిలోను, దారంతో వేలాడదీసి నీటిలోను తూచాలి. గాలిలో 2.00 గ్రాములు, నీటిలో 0.40 గ్రాములు తూగితే తేడా 1.60 గ్రాములు; ఒక గ్రాము నీరు ఒక ఘన సెంటీమీటరు కనుక, దాని పరిమాణం 1.60 ఘన సెంటీమీటర్లు. తరువాత, వాడబోయే ఇంధనంలోనే, మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో, నిప్పుకు దూరంగా మూడు రోజులు నానబెట్టి, తుడిచి, వెంటనే మళ్లీ అదే విధంగా గాలిలోను, నీటిలోను తూచాలి. పరిమాణం 1.76కు పెరిగితే ఉబ్బు 10 శాతం. అంతకు మించితే ఆ సీలును తిరిగే షాఫ్టుకు నేను వేయను. అదే సీలును రెండు రోజులు గాలికి ఆరనిచ్చి ఇంకోసారి తూచడం కూడా అవసరం. ఇంధనం రబ్బరులోని మెత్తదనమిచ్చే నూనెలను లాగేస్తుంది గనుక, ఆరిన తరువాత కొన్ని సీళ్లు మొదటి కొలత కంటే కుంచించుకుపోయి గట్టిపడతాయి. నిషేధ కాలంలో ట్యాంకు ఖాళీ చేసి ఉంచిన పడవల్లో పాత నైట్రైల్ సీళ్లకు జరిగేది ఇదే. అందుచేత పంపును డీజిలుతో నింపే ఉంచాలి. అది వీలుకానప్పుడు, జూన్‌లో వేటకు వెళ్లే ముందు పంపును ఒడ్డునే అరగంట నడిపి, షాఫ్టు దగ్గర తడి కనిపిస్తే సీలు మార్చాలి.