ఫంక్షన్‌కి డబ్బు ఎక్కడ పెట్టాలి, టైం ఎక్కడ పెట్టాలి

ఇంట్లో ఫంక్షన్ అనుకోగానే అందరం ముందు స్టేజీ డెకరేషన్ ఫోటోలు చూడటం మొదలుపెడతాం. ముందు చూడాల్సింది వచ్చేవాళ్ల లిస్టు. ఇంటింటికీ ఫోన్ చేసి ఎంతమంది వస్తారో రాసుకోండి, ఎందుకంటే హాలు, ప్లేట్లు, రిటర్న్ గిఫ్టులు అన్నీ ఆ అంకె మీదే నడుస్తాయి. 300 మంది అనుకున్నది 240 అని తేలితే, ప్లేటు 500 లెక్కన 30,000 మిగిలినట్టే. రెండు సాయంత్రాల పని.

హాలు చూడటానికి మాత్రం బద్ధకించొద్దు. ఫంక్షన్ సాయంత్రమైతే సాయంత్రమే వెళ్లండి, అదీ అక్కడ వేరేవాళ్ల ఫంక్షన్ జరుగుతున్న రోజు. కార్లు ఎక్కడ పెడుతున్నారు, చేతులు కడుక్కునే చోట నీళ్లు నిలుస్తున్నాయా, కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీలు కూడా నడుస్తాయా, డీజిల్ డబ్బులు ఎవరివి, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి మేం పొద్దున ఖాళీ హాలు చూసి అడ్వాన్స్ ఇచ్చేశాం. భోజనాలు సెల్లార్‌లో, లిఫ్ట్ లేదు. ఆ రోజు మా అమ్మమ్మ రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఆగుతూ దిగుతుంటే వెనక లైను ఆగిపోయింది. సగం దిగి, "నాకు ఆకలి లేదులేరా, మీరు తినండి" అంది. పైన స్టేజీ నిండా పూలు.

తిండి దగ్గర పిసినారితనం వద్దు, అలాగని ఐటమ్స్ పెంచుకుంటూ పోవద్దు. పాతిక రకాలకి బదులు పన్నెండు చాలు, మిగిలిన డబ్బుతో వడ్డించే మనుషుల్ని పెంచమనండి. ఎక్స్‌ట్రా ప్లేటు రేటు ముందే కాగితం మీద రాయించుకోండి.

హైదరాబాద్‌లో అయితే పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో తెల్లవారుజామునే మీరే కొనుక్కోవచ్చు, గిఫ్టులకి బేగంబజార్‌లో ఒక పూట తిరిగితే సరిపోతుంది. డీజేకి ఎక్కువ పెట్టకండి, ఆరుబయట గార్డెన్‌లో రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు ఎలాగూ ఆపేయాలి. పుట్టినరోజు, రిటైర్మెంట్ లాంటివాటికి ముహూర్తంతో పని లేదు కాబట్టి పెళ్లిళ్లు లేని ఆషాఢంలో అడగండి, హాలువాళ్లు రేటు దగ్గర బెట్టు చేయరు.

వచ్చే ఆదివారం సాయంత్రం తమ్ముడి నిశ్చితార్థానికి హాలు చూడబోతున్నాం. ఈసారి అమ్మమ్మనీ వెంట తీసుకెళ్తున్నాం.