నల్లగొండ, పాలమూరు కుటుంబ వైద్యులు పరిశోధన బృందాన్ని ఎలా కట్టుకోవాలి

వైద్య పరిశోధనల్లో కనిపించే రోగులు చాలావరకు పెద్దాసుపత్రులకు చేరినవారే. అమెరికా, బ్రిటన్ సమాచారంతో వైద్య పరిశోధకుడు కెర్ వైట్ బృందం 1961లో వేసిన అంచనా ప్రకారం, నెలలో వెయ్యిమంది పెద్దల్లో 750 మందికి ఏదో ఒక అనారోగ్యం కలిగితే 250 మంది వైద్యుణ్ణి కలుస్తారు, 9 మంది ఆసుపత్రిలో చేరతారు, విశ్వవిద్యాలయ ఆసుపత్రి దాకా వెళ్లేది ఒక్కరే. క్లినిక్ దాటి పైకి వెళ్లని రోగుల సంగతి దేవరకొండలోనో నారాయణపేటలోనో ఓపీ చూసే డాక్టర్లు కలిసి లెక్క రాస్తేనే బయటికి వస్తుంది.

బృందాన్ని జిల్లా సమావేశంలో చేతులెత్తించి కట్టవద్దు. కేసుల గురించి ఇప్పటికే ఒకరికొకరు ఫోన్ చేసుకునే ఎనిమిది, పది మంది చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యాధికారులను కూడా చేర్చుకుని, వారికి పై అధికారుల అనుమతిని ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

అసలు కష్టం ప్రశ్నను ఎంచుకోవడంలో ఉంది. ‘మధుమేహం ఎందుకు పెరుగుతోంది’ అన్నది ఓపీలో తేలే ప్రశ్న కాదు. ‘మోకాళ్ల నొప్పి, నడుము నొప్పితో వచ్చిన నలభై దాటినవారు గత నెలలో ఏ నొప్పి మాత్రలు, ఎన్ని రోజులు, ఎవరి సలహాతో వాడారు’ అన్నది తేలుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు భూగర్భ జలాల ఫ్లోరైడ్‌తో ఎముకలు దెబ్బతిన్నవారు ఏళ్ల తరబడి నొప్పితో ఉంటారు కనుక, ఆ మాత్రలు మూత్రపిండాలకు చేసే హాని అక్కడ మరింత పట్టించుకోవలసిన విషయం. ఇప్పుడు తాగే నీటి గురించి మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఫ్లోరైడ్ ఎముకల్లో ఏళ్లుగా పేరుకుంటుంది కాబట్టి, నల్లా నీరు రాకముందు ఏ బోరు నీరు ఎన్నేళ్లు తాగారో కూడా రాయాలి. ప్రశ్నలన్నీ ఒక్క పేజీ పత్రంలో ఇమడాలి.

నిర్ణయించిన వారంలో ఆ లక్షణాలతో వచ్చిన ప్రతి ఒక్కరినీ వరుసగా నమోదు చేయాలి, ఆ వారం మొత్తం ఓపీ సంఖ్యనూ రాయాలి. ఆసక్తికరమైన కేసులనే ఏరుకుంటే అది లెక్క కాదు, కథల సంపుటి. పాలమూరు నుంచి వలసవెళ్లే కూలీలు కొన్ని నెలలు ఊళ్లో ఉండరు కనుక, కనీసం రెండు కాలాల్లో లెక్క తీయాలి.

మొదటి పత్రం నింపడానికి ముందే, పరిశోధనలో పాల్గొనే రోగుల క్షేమాన్ని, హక్కులను చూసే నైతిక కమిటీ ఆమోదం ఉండాలి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన విభాగంలో నమోదైన కమిటీ ఏ వైద్య కళాశాలలో ఉందో కనుక్కోండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలను అందరూ చదవాలి. పత్రంలో పేరు, ఆధార్ వద్దు, సంఖ్య చాలు. ఏ సంఖ్య ఎవరిదో రాసుకున్న పేర్ల పుస్తకం ఎవరి క్లినిక్‌లో వారి దగ్గరే ఉండాలి. ప్రిస్క్రిప్షన్ ఫొటోలను వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదటి రోజే నిషేధించండి. సమ్మతిని చదువు రానివారికి తెలుగులో, ఉర్దూలో, లంబాడీలో నోటితో వివరించాలి.

లెక్క ముగిసిన నెలలోపే ప్రతి డాక్టరుకూ తన క్లినిక్ అంకెలను బృందం మొత్తం అంకెల పక్కన పెట్టి పంపండి. ఇది జరగకపోతే రెండో ప్రశ్నకు ఎవరూ మిగలరు. ఈ లెక్కలతో రాసే పరిశోధన వ్యాసంలో ఎవరి పేర్లు ఏ వరుసలో వస్తాయో మొదట్లోనే కాగితం మీద రాసుకోండి. పత్రాలు నింపే భారం నిజానికి కాంపౌండర్ల మీద, నర్సుల మీద పడుతుంది కాబట్టి, వారికి ఇవ్వవలసిన భత్యాన్ని కూడా అదే కాగితంలో చేర్చండి.