పది పాయింట్లలో ఏది స్క్రీన్‌ప్లేగా రాయాలి?

ముందు ఒక్కో పాయింటునూ, అంటే ఒక్కో కథ ఆలోచననూ, రెండు వాక్యాల్లో రాయండి. ఎవరు, ఏం కావాలి, అడ్డం ఎవరు, ఎప్పటిలోగా, కాకపోతే ఏం పోతుంది: ఈ ఐదూ అందులో ఉండాలి. ‘గుంటూరు మిర్చి యార్డులో రైతు కష్టాలు’ కథ కాదు, నేపథ్యం. ‘కౌలు రైతు కోల్డ్ స్టోరేజీలో దాచిన రెండొందల టిక్కీల (మిర్చి బస్తాల) బాండ్లను, అంటే సరుకు రసీదులను, బావమరిది తాకట్టు పెట్టాడు, పది రోజుల్లో కూతురి పెళ్లి’ అంటే కథలో కదలిక వచ్చింది. ఇలా మారనివాటిని పక్కన పెట్టండి. చింపకండి, ఎప్పుడో ఓ సీనుకు పనికొస్తాయి.

తర్వాతది ఇంటర్వెల్ పరీక్ష. ఎక్కువ పాయింట్లు పోయేది ఇక్కడే. స్క్రీన్‌ప్లేలో ఒక పేజీ అంటే తెర మీద ఒక నిమిషం అనే లెక్క ఇంగ్లిష్ ఫార్మాట్‌ది. ఎడమన యాక్షన్, కుడిన డైలాగ్ రాసే మన పద్ధతిలో సీన్లు లెక్కపెట్టుకోవడమే మేలు. ఇంటర్వెల్‌ను ఒక్క వాక్యంలో రాసి, దాని కింద సెకండాఫ్‌కు పదిహేను సీన్లు లైనుకొకటి వేయండి. ఏ సీను తీసేసినా తర్వాతిది ఆగిపోవాలి. ఆగకపోతే అది నింపుడు సరుకే. పెన్ను ఫ్లాష్‌బ్యాక్, పాట, ఫైట్ వైపే పోతుంటే హీరోకి చేయడానికి పని మిగల్లేదన్నమాట. ఇంటర్వెల్ ట్విస్టు ఫస్టాఫ్ ప్రశ్నకు జవాబు చెప్పేస్తే ఇలాగే అవుతుంది. అదే, బాండ్లు ఉన్నది కాబోయే వియ్యంకుడి దగ్గరే అని తెలిసిందనుకోండి: సరుకు అడిగితే పెళ్లి ఆగుతుంది, అడక్కపోతే పెళ్లికి డబ్బు లేదు. ఇక సెకండాఫ్ దానంతటదే నడుస్తుంది.

మిగిలినవాటిని సినిమా పిచ్చి లేనివాళ్లకు ఐదు నిమిషాల్లో చెప్పండి. హీరో పేరు, షాట్లు, రీరికార్డింగ్ ఎత్తొద్దు. ‘బాగుంది’ అన్నారని పొంగిపోకండి, మర్యాదకి అందరూ అంటారు. రెండ్రోజులాగి ఆ కథ వాళ్లనే చెప్పమనండి. వాళ్లు మర్చిపోయిన చోటే మీ కథ నీరసంగా ఉంది.

మొదటి సినిమా అయితే ఖర్చు కూడా చూసుకోవాలి. ప్రకాశం బ్యారేజీ మీద రాత్రి ఛేజ్ అని రాయడానికి ఒక్క లైను చాలు. తీయడానికి అనుమతులు, ట్రాఫిక్, లైట్లు అన్నీ కావాలి.

అప్పటికీ రెండు మిగిలితే, లోపలి సంగతులు మీకు ఎక్కువ తెలిసినదాన్ని పట్టుకోండి. వేసవిలో యార్డుకు సెలవులిస్తారని తెలిసినవాడు ఆ పెళ్లిని మే నెలలోనే పెడతాడు: బాండ్లు చేతికొచ్చినా యార్డులో కాటా పడదు, సరుకు అమ్ముడుపోదు.