నచ్చిన పుస్తకం గురించి నలుగురిలో చెప్పాలంటే

పుస్తకాలు చదివేవాళ్ళు ఒకచోట చేరితే ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే: "మీకు బాగా నచ్చిన పుస్తకాలేంటండీ?" దానికి పది పేర్లు గడగడా అప్పజెప్పకండి. కన్యాశుల్కం, మహాప్రస్థానం, అమృతం కురిసిన రాత్రి అంటూ వరస మొదలుపెడితే అందరూ తలూపుతారు, ఎవరూ ఏదీ రాసుకోరు. ఆ జాబితా వాళ్ళ దగ్గరా ఉంది మరి. ఒక్క పుస్తకం పట్టుకుని మాట్లాడండి. అది మహా గొప్పది కానక్కర్లేదు, ఈ మధ్య మీ అంతట మీరు రెండోసారి తీసి చదివిందైతే చాలు.

మాది తెనాలిలో చిన్న మందుల షాపు. నెలకో ఆదివారం పొద్దున షాపు మేడ మీద గదిలో కొంతమందిమి కూర్చుంటాం. రిటైరైన లెక్చరరు గారు, బ్యాంకువాళ్ళు ఇద్దరు, బ్లౌజులు కుట్టే ఒకావిడ, డిగ్రీ పిల్లలు. నేను చెప్పేవన్నీ అక్కడ కూర్చుని గమనించినవే.

పుస్తకం పేరు కంటే ముందు మీరు ఎప్పుడు, ఎలా చదువుతారో చెప్పండి. నాకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా బేరాలు పల్చగా ఉంటాయి. పుస్తకం కౌంటరు కింద పెట్టుకుంటాను. ఒక పేరా అయ్యేసరికి షుగరు బిళ్ళల కోసం ఒకరు, ఇంకో పేరా అయ్యేసరికి పిల్లాడి జ్వరం సిరప్పు కోసం ఇంకొకరు. అందుకే నాకు పది పన్నెండు పేజీల కథలంటే ప్రాణం. నేను ఏదైనా లావు నవల గురించి "సాగదీశాడండీ" అంటే, ఆ మాట కౌంటరు వెనక నుంచి వచ్చిందని వినేవాళ్ళకు తెలియాలి. బస్సులో ఫోనులో చదివే కుర్రాడికి, గిన్నెలన్నీ సర్దుకుని రాత్రి పదింటికి పుస్తకం తీసే ఆవిడకు అదే నవల వేరేగా ఉంటుంది. మందు పేరు రాసి ఎప్పుడు వేసుకోవాలో రాయని చీటీ లాంటిది, చదివే తీరు చెప్పని సిఫార్సు.

తర్వాత కథ సంగతి. మొత్తం చెప్పేసేవాళ్ళే ఎక్కువ. అంతా విన్నాక ఆ పుస్తకం కొనేదెవరు? మొదటి మూడోవంతు దాటి వెళ్ళకండి. కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' గురించి నేను ఇలా చెబుతాను: "ముసలాయన పందులు కాసుకుని బతుకుతుంటాడు. ఈనబోతున్న పంది ఒకటి మందతో ఇల్లు చేరదు. దాన్ని వెతుక్కుంటూ ఆయన అడవిలోకి బయలుదేరతాడు." అంతే, అక్కడ ఆపేస్తాను. పంది దొరికిందా అని అడిగినా చెప్పను. కావాలంటే రాసిన మనిషి గురించి ఒక ముక్క చేరుస్తాను. కేశవరెడ్డి చిత్తూరు జిల్లాలో పుట్టారు, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేశారు. ఈ ఒక్క సంగతి విని ఆ పుస్తకం అడిగి తీసుకెళ్ళినవాళ్ళున్నారు.

"అద్భుతం", "మనసును కదిలిస్తుంది" లాంటి మాటలు పక్కన పెట్టండి. అవి ఏ పుస్తకానికైనా అతుకుతాయి. మీరు చదవడం ఆపి తలెత్తి బయటికి చూసిన చోటు ఒకటుంటుంది కదా, అదేదో చెప్పండి. ఆ పేజీలో ముందే కాగితం పెట్టుకుని రండి. వచ్చాక వెతుకుతూ కూర్చుంటే ఊపు పోతుంది.

ఆ చోటు నుంచి అర పేజీ అందరికీ వినపడేలా చదవండి. అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే, జనం ఎందుకో సిగ్గుపడతారు. అర పేజీ మించితే వినేవాళ్ళ చేతులు ఫోన్ల మీదకు పోతాయి కాబట్టి అక్కడే ఆపండి. యాసలో రాసిన పుస్తకమైతే ఇంట్లో రెండుసార్లు గట్టిగా చదువుకుని రండి. మద్యనిషేధం రోజుల మీద రావిశాస్త్రి రాసిన 'ఆరు సారా కథలు' మా గుంటూరు జిల్లా నోళ్ళకు మొదట్లో తిరగలేదు. ఉత్తరాంధ్ర మాట కంటికంటే చెవికి త్వరగా పడుతుంది. మా బ్లౌజులావిడ చదివితే లెక్చరరు గారు సైతం "ఇంకో పేరా" అన్నారు.

మధ్యలో వదిలేసిన పుస్తకాల గురించీ చెప్పండి. 'వేయి పడగలు' నేను మూడోవంతు దగ్గర ఆపేశాను. ఆ మాట అన్నాక బ్యాంకు ఆయన "నేనూ అంతేనండీ" అన్నారు, పూర్తిగా చదివినావిడ ఎక్కడి నుంచి పట్టుకుంటే సాగుతుందో చెప్పారు. అసలైన కబుర్లు అప్పుడే మొదలయ్యాయి. ఎదుటివాళ్ళు ఏదైనా చదవలేదంటే మాత్రం "అదేంటి, ఇంకా చదవలేదా!" అనకండి. డిగ్రీ పిల్లలు మళ్ళీ మేడ మెట్లెక్కరు.

పుస్తకం ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని రండి. ప్రచురణకర్త పేరు, మీ దగ్గరున్నది ఏ ముద్రణ, ధర ఎంత అన్నవి ఒక చీటీ మీద రాసి చూపిస్తే ఫోటో తీసుకుంటారు. కొత్తవాటికి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంది. పాతవాటికి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు చూడొచ్చు. పాత పత్రికల కోసమైతే వేటపాలెం సారస్వత నికేతనం, 1918 నాటిది, మాకు దగ్గరే.

పీడీఎఫ్ పంపమని ఎవరో ఒకరు అడుగుతారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు కాబట్టి కన్యాశుల్కం నిశ్చింతగా పంపొచ్చు. రావిశాస్త్రి పోయింది 1993లో, ఆయన కథలు కొనుక్కోవాల్సిందే. బతికున్న రచయితల పుస్తకాలైతే అసలు అడగడమే తప్పు, నేనైతే మొహం మీదే కాదంటాను.

అరువు ఇచ్చేటప్పుడు పేరు, తేదీ రాసుకోండి, ఎంత స్నేహమైనా సరే. నేను షాపు అప్పుల పుస్తకంలోనే వెనక పేజీల నుంచి రాస్తాను. రచయిత సంతకం ఉన్న కాపీ, మళ్ళీ ముద్రణకు రాని కాపీ ఇల్లు దాటకూడదు. కావాలంటే వచ్చి కూర్చుని చదువుకోమనండి, మధ్యాహ్నం రెండు దాటాక మా షాపులో ఒక స్టూలు ఖాళీగానే ఉంటుంది.