అకడమిక్ ఈమెయిల్ లిస్టులతో వచ్చే ఇబ్బందులు - పరిష్కారాలు

మీ సబ్జెక్టుకి లిస్టే, అంటే ఒక అడ్రసుకి పంపితే సభ్యులందరికీ మెయిల్ వెళ్లే గుంపే, దొరకట్లేదా? మామూలు సెర్చ్‌లో ఇవి పైకి రావు, అందుకని అవి ఉండే చోటే వెతకాలి. చరిత్ర, సామాజిక శాస్త్రాలకు హెచ్-నెట్, బ్రిటన్ యూనివర్సిటీల లిస్టులకు జిస్క్‌మెయిల్, భాషాశాస్త్రానికి 1990లో మొదలైన లింగ్విస్ట్ లిస్ట్, సంస్కృతం, ప్రాచీన భారత గ్రంథాలకు ఇండాలజీ. చేరే ముందు ఆర్కైవ్ (పాత మెయిళ్ల నిల్వ) తెరిచి చివరి మెయిల్ ఎప్పటిదో చూడండి, ఏడాదిగా చప్పుడు లేకపోతే వదిలేయండి.

చేరినా మెయిళ్లు రాకపోతే, నిర్ధారణ మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది. అందులోని లింకు నొక్కేదాకా మీరు చేరినట్టు కాదు.

పంపిన మెయిల్ తిరిగొస్తోందా? చాలాసార్లు అడ్రసు తేడానే కారణం. కాలేజీ అడ్రసుతో చేరి, దాన్ని జీమెయిల్‌కి ఫార్వర్డ్ పెట్టుకుని, జవాబు జీమెయిల్ నుంచే పంపేస్తాం; లిస్టుకి ఆ అడ్రసు ఎవరిదో తెలియదు. రెండో అడ్రసునీ చేర్చి, దానికి మెయిళ్లు రాకుండా 'నోమెయిల్' పెట్టుకుంటే సరి.

జీమెయిల్‌లో మీరు పంపిందే మీకు తిరిగి కనిపించకపోతే టెన్షన్ వద్దు. సెంట్‌లో ఉన్న కాపీనే కదా అని జీమెయిల్ రెండోదాన్ని చూపించదు. మళ్లీ పంపకండి, ఆర్కైవ్‌లో చూసుకోండి.

"నన్ను తీసేయండి" అన్న మెయిల్ అందరికీ వెళ్లిపోయిందంటే అడ్రసు తప్పు. లిస్టుకి రెండు అడ్రసులుంటాయి, ఒకటి సభ్యులకు, ఒకటి సాఫ్ట్‌వేర్‌కి. లిస్టుని నడిపే సాఫ్ట్‌వేర్ లిస్ట్‌సర్వ్ అయితే రెండోదానికి 'సైన్‌ఆఫ్' అని, పక్కన లిస్టు పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపాలి. మెయిళ్లు ఎక్కువయ్యాయనే బయటికి వెళ్లాలనుకుంటే మాత్రం ముందు డైజెస్ట్ పెట్టి చూడండి, అన్నీ ఒకే మెయిల్‌గా వస్తాయి.

ఎక్కువమందిని నిరుత్సాహపరిచేది ఇది: ప్రశ్న అడిగితే ఒక్కరూ పలకరు. "రాతప్రతుల మీద మంచి పుస్తకాలు చెప్పండి" అంటే ఎవరు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? "ఈ ప్రతిలో పన్నెండో పత్రం చివర ఇలాంటి గుర్తుంది, ఫలానా రెండు క్యాటలాగులు చూశాను, వాటిలో లేదు, ఇంకెక్కడైనా చూశారా?" అని అడగండి, ఆ పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు ఓపిగ్గా రాస్తారు. సబ్జెక్ట్ లైన్‌లో 'హెల్ప్' అని కాకుండా ఆ గుర్తు సంగతే పెట్టండి. పాత ఆర్కైవ్‌లో అదే ప్రశ్న ఉందేమో ముందే వెతకడం వాళ్ల టైముకి మీరిచ్చే మర్యాద. జవాబులు విడివిడిగా మీకే వస్తే, రాసినవాళ్లను అడిగి, అన్నీ కలిపి లిస్టుకి పంపండి. రెండేళ్ల తర్వాత అదే గుర్తు దగ్గర ఆగిపోయే ఇంకొకరికి అది దొరుకుతుంది.