చింతగింజలతో పోకర్ – 4వ పాఠం: బ్లైండ్‌లో కూర్చున్నప్పుడు

మూడో పాఠంలో ఆఖరున మాట్లాడేవాళ్లకు, అంటే తమ వంతు ఆఖరున ఆడేవాళ్లకు, ఎంత లాభమో చూశాం. ఈసారి అందుకు పూర్తిగా ఎదురు చోటు. హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, నడుమ అందరికీ కలిపి ఐదు ముక్కలతో ఆడే పోకర్) కొత్తగా నేర్చుకునేవాళ్ల గింజలు ఎక్కువగా కరిగేది బ్లైండ్లలోనే. అందుకే ఈ పాఠం నెమ్మదిగా, చేతిలో పత్తాలు పట్టుకొని చదవండి.

ముందు ఒక మాట. మూడు ముక్కలాట తెలిసినవాళ్లకు బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం. ఇక్కడ అది కాదు. పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందెం పేరు బ్లైండ్. బటన్‌కు (పంచేవారి చోటును చూపే గుర్తు) ఎడమ పక్కన ఉన్నవారిది చిన్న బ్లైండ్, ఆ తర్వాతి వారిది పెద్ద బ్లైండ్. ముక్కలు వచ్చాక వాళ్లూ అందరిలాగే చూసుకొనే ఆడతారు.

ఎప్పటిలాగే చింతగింజలే పెడదాం. ఎండాకాలం చింతపండు కొట్టాక దేవరకొండ, పాలమూరు వైపు ఇళ్లలో తట్టలకొద్దీ మిగులుతాయి. పైసలతో ఆడమని ఈ పాఠాల్లో ఎక్కడా చెప్పను. తెలంగాణ గేమింగ్ చట్టానికి 2017లో చేసిన సవరణతో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం కూడా నేరమే. చిన్న బ్లైండ్ 1 గింజ, పెద్ద బ్లైండ్ 2, ఒక్కొక్కరి ముందు 200.

నేను చాలా రోజులు ఒకే తప్పు చేశాను. ఎవరైనా పెంచగానే, ‘నా రెండు గింజలు అందులో ఉన్నాయి కదా, ఎట్లా వదిలేది’ అని ఏ ముక్కలకైనా కాల్ చేసేవాణ్ణి, అంటే వాళ్లు పెట్టినంతా నేనూ పెట్టేవాణ్ణి. మా చిన్నాయనకు పోకర్ రాదు, మూడు ముక్కలాటే వచ్చు. పక్కన కూర్చొని చూసి, "నీ గింజలెక్కడివిరా బిడ్డా? నడిమిట్ల వడ్డంక అందరియి" అన్నాడు. నాకు బ్లైండ్ అర్థమైంది ఆ రోజే.

గింజలు మనవి కావు, నిజమే. కానీ అవి కుప్పలో ఉన్నాయి కాబట్టి మనం ఇంకా పెట్టాల్సింది తగ్గింది. ఈ తేడా లెక్కలో చూడండి. బటన్ మీద ఉన్నతను 5కు పెంచాడు, చిన్న బ్లైండ్ వదిలేశాడు. కుప్పలో 5, 1, 2 కలిపి 8. పెద్ద బ్లైండ్‌లో ఉన్న మీరు ఇంకో 3 పెడితే మొత్తం 11 అవుతుంది. 11లో 3 అంటే 27 శాతం. నాలుగు ఆటల్లో ఒకటి కన్నా కొంచెం ఎక్కువ గెలిస్తే చాలు. అదే బటన్ కన్నా ముందున్నవారు 5కు పెంచి, బటన్ కాల్ చేసి ఉంటే కుప్ప 13, మీ మూడుతో 16. అప్పుడు 19 శాతమే.

ఇది చూసి అన్నీ ఆడేయకండి. ఫ్లాప్ (నడుమ మొదట పరిచే మూడు ముక్కలు) తర్వాత బటన్ కన్నా ముందు మాట్లాడాల్సింది మీరే. ఇస్పేటు 9, డైమండ్ 2 లాంటి ముక్కలకు కాగితం మీద గెలుపు కనిపించినా, ఫ్లాప్ తగలక పందెం పడగానే వదిలేయాల్సి వస్తుంది. అదే ఇస్పేటు 7, ఇస్పేటు 6 అయితే వరసా రావచ్చు, రంగూ రావచ్చు. బటన్ పెంచితే నేను వీటితో సంతోషంగా కాల్ చేస్తాను.

పెంచింది ఎవరన్నది ఇంకా ముఖ్యం. ఫ్లాప్‌కు ముందు అందరికన్నా మొదట మాట్లాడాల్సినవారు, అంటే పెద్ద బ్లైండ్ తర్వాతి మొదటి కుర్చీలో ఉన్నవారు, పెంచారంటే గట్టి ముక్కలే ఉంటాయి. అప్పుడు మీ దగ్గర రంగు కలవని ఆసు-4 ఉందనుకోండి. ఆసు చూసి మురిసిపోతాం కానీ, అవతల ఆసు-రాజు ఉంటే దాదాపు నాలుగింట మూడు సార్లు మనమే ఓడతాం. పైగా ఫ్లాప్‌లో ఆసు పడిందంటే వదలబుద్ధి కాదు, నష్టం పెరుగుతుంది. వదిలేయండి.

చిన్న బ్లైండ్ సంగతి వేరు. అదే 5కు మీరు 4 పెట్టాలి, మొత్తం 12. 33 శాతం కావాలి. వెనక పెద్ద బ్లైండ్ ఇంకా మాట్లాడలేదు, అతను మళ్లీ పెంచవచ్చు. ఫ్లాప్ నుంచి అందరికన్నా ముందు మాట్లాడేది కూడా మీరే. కొత్తవాళ్లకు నా సలహా ఒక్కటే: ఇక్కడ ఉత్త కాల్ అలవాటు చేసుకోవద్దు. మంచి ముక్కలుంటే 20 దాకా పెంచండి, లేకపోతే ఆ ఒక్క గింజ వదిలేయండి.

బ్లైండ్లలో లాభం రాలేదని బెంగ వద్దు. ప్రతి చుట్టూ వదిలేస్తూ పోతే 3 గింజలు పోతాయి, పది చుట్లకు 30. అంతకన్నా తక్కువ పోగొట్టుకున్నారంటే బాగా ఆడినట్టే.

అభ్యాసం: మీరు పెద్ద బ్లైండ్‌లో ఉన్నారు. చేతిలో ఆఠీను రాణి, కళావరు 8. బటన్ 6కు పెంచాడు, చిన్న బ్లైండ్ వదిలేశాడు. ఎంత శాతం కావాలి? అదే పెంపు మొదటి కుర్చీ నుంచి వస్తే ఏం చేస్తారు? రాసి పెట్టుకోండి. ఐదో పాఠం ఇవే ముక్కలతో, ఫ్లాప్ మీద మొదలవుతుంది.