ఆషాఢంలో విండోస్ మార్చుకోండి: ఒక డీటీపీ షాపు అనుభవం

2025 వేసవిలో ఒక పంతులుగారు మా షాపులో శుభలేఖ ప్రూఫ్ చూసుకుని, "అమ్మా, ఈ మేటర్ నా ఫోనుకు వాట్సాప్ చెయ్యి" అన్నారు. ఫోటో తీసి పంపాను. "ఫోటో కాదమ్మా, అక్షరాలు కావాలి. ముహూర్తం ఒకటి మార్చి ఇంకొకళ్లకి పంపుకుంటాను" అన్నారు. పాత డీటీపీ ఫాంట్ల సంగతి తెలిసినవాళ్లకు ఇక్కడే నవ్వొస్తుంది. ఆ ఫాంట్లలో కంప్యూటర్ దృష్టికి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. వాటికి తెలుగు వేషం వేశారంతే. ఆ వేషం మన షాపు గడప దాటదు. ఫోనులో పేస్ట్ చేస్తే వరుడి పేరు ఉండాల్సినచోట డాలర్లు, కొక్కేలు కనిపిస్తాయి. ఆ రోజు మేటరంతా ఫోనులో మళ్లీ టైప్ చేసి పంపాను.

అప్పటికే హైదరాబాదులో ఉండే మా మేనల్లుడు పోరు పెడుతున్నాడు. "అత్తా, అక్టోబరు 14 తర్వాత విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోతాయి. ఇప్పుడైనా మార్చు" అని. రెండూ కలిసొచ్చి, 1998లో పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) నేర్చుకున్న చేతులతో మొత్తానికి విండోస్ 11కీ, ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ అక్షరాలకూ మారాను. తెనాలిలో మా షాపులాంటివి ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి కాబట్టి ఏ వరసలో చేయాలో, నేను ఎక్కడ తప్పులో కాలేశానో రాస్తున్నాను.

మొట్టమొదట నెల చూసుకోండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. మాఘంలోనో శ్రావణంలోనో సిస్టమ్ ముట్టుకుంటే మీ పని అయిపోయినట్టే. పెళ్లిళ్లు లేని ఆషాఢమే మాకు సరైన ముహూర్తం. ఒక శనివారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారమంతా చేతిలో ఉంచుకోండి. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో ముందురోజే చూసుకోండి. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోతే వచ్చే టెన్షన్ ఎవరికీ వద్దు.

తర్వాత మీ మిషన్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో చూడాలి. విండోస్ గుర్తున్న కీ, ఆర్ కీ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిష్‌లో విన్‌వెర్ (winver) అని కొడితే ఇప్పుడున్న వెర్షన్ చెబుతుంది. అదే పెట్టెలో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ (tpm.msc) అని కొడితే టీపీఎం అనే భద్రతా చిప్ ఉందో లేదో తెలుస్తుంది. వెర్షన్ 2.0 అని ఉండాలి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా తర్వాతది, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి. ఇది రాసిపెట్టిన లెక్క. పని చేసుకునేవాళ్లకు 8 జీబీ ర్యామ్ లేనిదే లాభం లేదని నా అభిప్రాయం.

చిప్ లేదని వస్తే వెంటనే కొత్తది కొనడానికి పరిగెత్తకండి. చాలా బోర్డుల్లో అది ఉంటుంది కానీ ఆపేసి ఉంటుంది. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇంటెల్‌లో పీటీటీ, ఏఎమ్‌డీలో ఎఫ్‌టీపీఎం అనే పేరు వెతికి ఆన్ చేయాలి. మా షాపులో రెండు సిస్టమ్‌లు. తొమ్మిదో తరం ఐ5 ఉన్నదానికి ఇలా ఆన్ చేయగానే సరిపోయింది. రెండోది 2013లో కొన్న ఐ3. దానికి ఏం చేసినా దారి లేదు. దాని సంగతి చివర చెబుతాను.

ఇప్పుడు అసలైన పని, బ్యాకప్. డాక్యుమెంట్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో వేసుకుంటే చాలనుకుంటారు అందరూ. మన పనిలో అది చాలదు. పేజ్‌మేకర్ ఫైలులో ఫోటోలు లోపల ఉండకపోవచ్చు, ఎక్కడో వేరే ఫోల్డర్‌లో ఉంటే దారి మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. ఫైలు ఒక్కటే తెచ్చుకుంటే వినాయకుడి బొమ్మ ఉండాల్సినచోట మసక గళ్లు మిగులుతాయి. కాబట్టి ఫోల్డర్లకు ఫోల్డర్లే, అవే పేర్లతో, అదే వరసలో కాపీ చేయండి. ఆ తర్వాత ఫాంట్ల ఫోల్డర్. కొన్నేళ్లుగా ఎవరెవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చినవి అందులో ఉంటాయి, మళ్లీ దొరకవు. తెలుగు సాఫ్ట్‌వేర్ సీడీ, దాని సీరియల్ నంబరు, డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవడానికి కంప్యూటర్‌కు తగిలించే చిన్న తాళంచెవి లాంటిది) ఉంటే అదీ, అన్నీ ఒకే డబ్బాలో పెట్టండి. మా సీడీ దేవుడి గదిలో పంచాంగాల మధ్య దొరికింది. అక్కడికి ఎలా వెళ్లిందో ఇప్పటికీ తేలలేదు.

నడుస్తున్న జాబులన్నీ పీడీఎఫ్ చేసి దాచండి. సరిగ్గా చేసిన పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా లోపలే ఉంటుంది కాబట్టి కొత్త సిస్టమ్‌లో ఏం జరిగినా ప్రింటింగ్ ప్లేటుకు పంపడానికి ఒక ప్రతి మిగులుతుంది. నేను అంతకుముందు మూడేళ్ల పెద్ద పనులన్నిటికీ ఇలా చేశాను, రెండు రాత్రులు పట్టింది. బ్యాకప్ అయ్యాక ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి ఏవైనా పది ఫైళ్లు తెరిచి చూడండి. నేను ఈ ఒక్క మెట్టు చేయకుండా వదిలేశాను. 2016 ఫోల్డర్ సగంలో ఆగిపోయిన సంగతి పని అయిపోయాక తెలిసింది. పాత ఐ3లో ఇంకో ప్రతి ఉండబట్టి బతికిపోయాను.

అప్‌గ్రేడ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. అసలైన విండోస్ 10 ఉంటే 11 ఉచితమే. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ దగ్గర నొక్కి, అడిగినవాటికి సరే అంటూ పోవడమే. ఫైళ్లు, ప్రోగ్రాములు అలాగే ఉంటాయి. నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ అనే చోట వెనక్కి వెళ్లే బటన్ ఉంటుంది. ఆ పది రోజుల్లోనే మీరు చేసే ప్రతి రకం పనీ ఒక్కసారి చేసి చూసుకోండి: విజిటింగ్ కార్డు, కరపత్రం, బిల్లు బుక్కు, శుభలేఖ. మా పాత లేజర్ ప్రింటర్‌కు కొత్త డ్రైవర్ లేదని ఇలాగే మూడో రోజు బయటపడింది. డిస్క్‌కు బిట్‌లాకర్ అనే తాళం పడి ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది. దాన్ని కాగితం మీద ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. కంప్యూటర్‌లోనే దాస్తే తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టే.

కొత్తది ఎలా ఉందంటే, మొదటివారం చిరాకు. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చి కూర్చుంది. ఇన్నేళ్లుగా ఎడమ మూలకు పోయే చెయ్యి మాట వినదు కదా. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, దానిలో అలైన్‌మెంట్ అనే చోట ఎడమకు మార్చేస్తే ప్రశాంతం. కుడి క్లిక్ కొడితే మెనూ పొట్టిగా వస్తుంది. పాత పొడుగు మెనూ కావాలంటే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కాలి. బాగా నచ్చింది మాత్రం విండోస్ కీ, వీ కలిపి నొక్కితే కాపీ చేసినవన్నీ వరసగా కనబడటం. విండోస్ 10లోనూ ఉండేదట, నాకు తెలియదు. శుభలేఖలో అమ్మాయి తల్లిదండ్రుల పేర్లు, అబ్బాయి తల్లిదండ్రుల పేర్లు, ఊళ్లు నాలుగైదు చోట్ల వేయాలి. ఇప్పుడు ఒక్కసారి కాపీ చేసి ఆ వరసలోంచి ఏరుకుంటున్నాను. అన్నిటికన్నా ఎక్కువ తేడా వచ్చింది హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ వేయించినప్పుడు. పొద్దున స్విచ్ వేసి కాఫీ కలుపుకుని వచ్చేదాన్ని. ఇప్పుడు పాలు పొయ్యి మీద పెట్టేలోపే అది సిద్ధం.

ఇక తెలుగు. ఒక్కో కీకి తెలుగు అక్షరమే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే వచ్చింది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగు చేర్చుకుని, దానికి కీబోర్డు ఎంచుకోవాలి. నేను ఇన్‌స్క్రిప్ట్‌కు మారాను. మొదటి పదిహేను రోజులు ఒకటో తరగతి పిల్లలా కొట్టాను, సిగ్గేసింది. ఇప్పుడు పాత వేగంలో ముప్పాతిక వచ్చింది. మా షాపులో చేసే అమ్మాయి ఫొనెటిక్‌లోనే కొడుతుంది, నాకన్నా ముందే కుదురుకుంది.

వర్డ్‌లో గౌతమి ఫాంట్‌తో చేసుకున్న పాత ఫైళ్లు కొత్త సిస్టమ్‌లో వేరే రూపంలో కనిపిస్తే కంగారు పడొద్దు. ఆ ఫాంట్ ఇప్పుడు విండోస్‌తోపాటు రాదు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, అది వేసుకుంటే గౌతమి, వాణి రెండూ వస్తాయి. మన ముద్రణకు ఇవి చాలవనుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సురన్న, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి. పుస్తకం మేటర్‌కు మండలి, హెడ్డింగులకు రామభద్ర వాడుతున్నాను. తెనాలి రామకృష్ణ పేరుతోనూ ఒక ఫాంట్ ఉంది. మా ఊరి పేరు చూసి దించుకున్నాను.

ఫొటోషాప్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో యూనికోడ్ తెలుగు పేస్ట్ చేయగానే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. చాలామంది ఇక్కడే విసిగి పాత ఫాంట్లకు తిరిగి వెళ్లిపోతారు. ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట వరల్డ్‌రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్‌రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ పెట్టండి. ఒత్తులు వాటి చోటికి అవే వెళ్తాయి. ఈ ఒక్క సంగతి తెలియక నేను నాలుగు రోజులు పోగొట్టుకున్నాను.

పాత మేటర్‌ను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. నేను వాడినదాంట్లో రావత్తు ఒక్కోసారి పక్క అక్షరానికి పోయేది, కొమ్ముల దగ్గర తడబడేది. అందుకే కన్వర్ట్ చేసినదాన్ని కొత్త మేటర్ లాగే పూర్తిగా ప్రూఫ్ చూడాలి, ముఖ్యంగా పేర్లు, ఇంటిపేర్లు, తిథులు. పాత ఫైళ్లన్నీ మార్చేద్దామని కూర్చోకండి. మళ్లీ ఆర్డరు వచ్చినవి మాత్రమే మార్చండి. పేజ్‌మేకర్ ఫైళ్లను ఇన్‌డిజైన్‌లో తెరవాలంటే సీఎస్6 వరకే కుదురుతుంది, ఆ తర్వాతి వెర్షన్లు వాటిని తెరవవు.

"అప్‌డేట్లు రాకపోతే ఏమవుతుంది, ఇన్నాళ్లూ నడవలేదా" అని పక్క జెరాక్స్ షాపాయన అడిగారు. ఆయనకు మన అక్షరం కథే చెప్పాను. 2018 ఫిబ్రవరిలో తెలుగు జ్ఞా ఒక్కటి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు మూతపడేవి. 11.2.6 అప్‌డేట్ వచ్చాక సరిపోయింది. అప్‌డేట్ వేసుకోని ఫోన్లకు ఆ తిప్పలు అలాగే ఉండి ఉంటాయి. మనది అంతకన్నా చెడ్డ పరిస్థితి. ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవ్‌లన్నీ మన సిస్టమ్‌కే తగులుతాయి, అందులో ఏ వైరస్ ఉందో ఎవరికి తెలుసు.

ఇక ఆ ఐ3. విండోస్ 10కి ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు తీసుకునే పథకం ఒకటి ప్రకటించారు. నెట్ తప్పనిసరి అయినవాళ్ల కోసం అది. నేను చేరలేదు. దానికి పేజ్‌మేకర్, పాత తెలుగు సాఫ్ట్‌వేర్, పాత లేజర్ ప్రింటర్ ఇచ్చేసి నెట్ కేబుల్ పీకేశాను. వైఫై కూడా ఆపేశాను. కొత్త సిస్టమ్‌లో వైరస్ స్కాన్ చేసిన మా సొంత పెన్‌డ్రైవ్ ఒక్కటే దానికి తగులుతుంది, కస్టమర్లది తగలదు. జాగా లేనివాళ్లు పాత విండోస్‌ను కొత్తదాని లోపలే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాములో, కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌లా నడుపుకోవచ్చని మేనల్లుడు చేసి చూపించాడు. బాగానే ఉంది కానీ, డాంగిల్ ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే ముందు ఒకసారి పరీక్షించుకోండి.

ఐ3 మానిటర్ పైన "దీనికి నెట్ పెట్టవద్దు" అని ఒక కాగితం అతికించాను. ఆ కాగితం కూడా దానిమీదే, పేజ్‌మేకర్‌లో, పాత ఫాంట్‌లోనే కొట్టి ప్రింట్ తీశాను.